ఏజెంట్ మూసేసిన టాస్కులు

ప్రశ్న: మాది మిర్యాలగూడ, ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తున్నాను. ‘అయిపోయిన టాస్కులన్నీ క్లోజ్ చెయ్’ అని, మన బదులు పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్‌కి చెప్తే టెస్టింగ్ కానివి కూడా ‘డన్’లో పెట్టేసింది. టీమ్ లీడ్ గట్టిగా మందలించారు, ఒకటే టెన్షన్. ఇక వాడటం మానెయ్యాలా?

జవాబు: మానొద్దు తమ్ముడూ, చెప్పే తీరు మార్చు. వడ్లు మిల్లుకు చేరినంత మాత్రాన బియ్యం అయిపోయినట్టా? అది మీ ఊరివాళ్లకు ఒకరు చెప్పాలా! మీ టీమ్‌లో ‘అయిపోయింది’ అంటే ఏంటో నువ్వు చెప్పలేదు కాబట్టి అది తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. ఈసారి టాస్క్ నంబర్లు ఇచ్చి, ‘ముందు ఏవేవి మారుస్తావో జాబితా చూపించు, నేను సరే అన్నాకే మార్చు’ అని రాయి. చాలా చోట్ల ఏజెంట్ నీ లాగిన్‌తోనే పనిచేస్తుంది, అంటే అది చేసిన మార్పు కూడా నీ పేరు మీదే పడుతుంది, అందుకే డిలీట్ లాంటి అనుమతులు అస్సలు ఇవ్వకు. జరిగినదానికి భయం వద్దు, జిరా లాంటి, టాస్కుల లెక్క చూసే టూల్స్‌లో ప్రతి టాస్క్‌కీ హిస్టరీ ఉంటుంది, అది చూసి ఒక్కొక్కటీ పాత స్టేటస్‌కి మార్చెయ్. ఆ సంగతి లీడ్‌కి ఈరోజే చెప్పు.