సర్వైలెన్స్ ఆఫీసరుగా చేరిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

జిల్లాలో రోగాల మీద నిఘా పెట్టే సర్వైలెన్స్ ఆఫీసరుగా చేరావని మీ అమ్మ చెప్పగానే కడుపు నిండినట్టయింది. ట్రైనింగులో జీవాయుధాల క్లాసు విన్నప్పటి నుంచి నీకు టెన్షన్‌గా ఉందట. ఎవరైనా కావాలని రోగాన్ని వదిలితే నాలాంటిది ఏం చేయగలదు అన్నావట. మైక్రోబయాలజీ ల్యాబుల్లోనే ఉద్యోగమంతా గడిపినదాన్ని కాబట్టి చెబుతున్నాను. అలాంటి రోగం ముందుగా చెప్పి రాదు. మామూలు జ్వరంలాగో విరేచనాల్లాగో వార్డులోకి వస్తుంది. దాన్ని పట్టుకునేది నువ్వు రోజూ చేసే పనే.

1979 ఏప్రిల్ 2న సోవియట్ యూనియన్‌లోని స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో ఒక సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ స్పోర్లు, అంటే ఆ బ్యాక్టీరియా గింజల్లాంటివి, గాల్లో కలిశాయి. మన పశువుల డాక్టర్లు దొమ్మ రోగం అంటారే, అదే. జీవాయుధాలు తయారు చేయబోమని 1972 ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశంలోనే ఇది జరిగింది. కనీసం 66 మంది చనిపోయారు. రోగమొచ్చిన పశువుల మాంసం తిన్నందువల్లే అని ప్రభుత్వం చెప్పింది. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, అది సైన్యం వల్లే జరిగిందని ఒప్పుకునేదాకా అదే మాట.

మరి నిజం ఎలా బతికింది? ఫయినా అబ్రమోవా అనే పాథాలజిస్టు ఒక శవానికి పోస్టుమార్టం చేస్తూ పుర్రె తెరిచేసరికి, మెదడు మీద ఎర్రటి టోపీ తొడిగినట్టు నెత్తురు కమ్మి ఉంది. ఆవిడ అది ఆంత్రాక్స్ అని పోల్చుకుంది. తర్వాత సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ వాళ్లు ఆసుపత్రి రికార్డులు పట్టుకుపోయారు. ఆవిడా, తోటి పాథాలజిస్టు లెవ్ గ్రిన్‌బర్గూ కలిసి కొన్ని కణజాలం ముక్కల్ని, తమ నోట్సునీ దాచి ఉంచారు. ఛాతీలోని లింఫ్ గ్రంథులు ఎలా దెబ్బతిన్నాయో ఏళ్ల తర్వాత ఆ ముక్కలే చూపించాయి. రోగం ఒంట్లోకి వెళ్లింది తిండితో కాదు, ఊపిరితో. అందుకే అంటున్నాను, ఫ్రిజ్‌లో చోటు లేదని తేలని కేసు శాంపిల్‌ని ఎవరినీ పారేయనివ్వకు. లేబుల్ మీద పేరు, తేదీ, తీసిన టైము నీ కళ్లతో చూసుకో.

1992లో అమెరికా నుంచి మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లింది. అందులో జీన్ గిల్మన్ అనే సోషియాలజిస్టు ఉంది. నాకు ఈ కథలో అందరికంటే ఎక్కువ గౌరవం ఆవిడ మీదే. సమాధి రాళ్ల మీద పేర్లూ తేదీలూ చూసుకుని, చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చుని, ఏప్రిల్ మొదట్లో మీవాళ్లు పగలు ఎక్కడ ఉన్నారు, ఎక్కడ పనిచేశారు అని ఓపికగా అడిగింది. ఆ జవాబుల్ని మ్యాపు మీద పెడితే సైనిక కేంద్రం నుంచి దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల సన్నటి పట్టీ తేలింది. దారిలో ఉన్న సిరామిక్ ఫ్యాక్టరీ కూడా అందులోనే పడింది. అదే వరసలో ఇంకా దూరాన ఉన్న పల్లెల్లో గొర్రెలూ ఆవులూ చచ్చాయి. ఏప్రిల్ 2న గాలి వీచింది కూడా అటే.

కాబట్టి ఇంటి అడ్రసు రాసుకుని వచ్చేయకు. పగలు ఎక్కడుంటారో అడుగు. పశువుల డాక్టరు నంబరు నీ ఫోన్లో ఉండాలి. మన్యంలో దొమ్మ రోగం అప్పుడప్పుడూ మనుషులకీ వస్తూనే ఉంది, ఆ కబురు ముందు తెలిసేది ఆయనకే.

ఇంకొకటి, 1984లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, ద డాల్స్ అనే చిన్న పట్నం. రజనీష్ అనుచరులు కొందరు పది హోటళ్లలో సలాడ్లలో విరేచనాలు పట్టించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. కావాలని చేశారన్న అనుమానం కొందరికి వచ్చినా, హోటల్ పనివాళ్ల చేతులు శుభ్రంగా లేకపోవడమే కారణమని అధికారులు తేల్చారు. ఏడాది తర్వాత లోపలి మనిషే బయటపెడితే గానీ అసలు సంగతి తెలియలేదు. పేదవాళ్ల చేతుల మీదికి నేరం తోసేయడం ఎంత తేలికో చూడు. నువ్వు మాత్రం ఆ పని చేయకు. కారణం తేలకపోతే తేలలేదనే రాయి.

అలాగని ప్రతిదాంట్లో కుట్ర వెతకమని కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు వాట్సాప్‌లో ఎన్ని పుకార్లు నడిచాయో నీకూ తెలుసు. రక్తం పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీదా అనుమానాలొచ్చాయి. అలాంటప్పుడు రోజూ ఒకే టైముకి, ఒకే మనిషి, తెలిసింది ఇంత అని చెబితే జనం సగం నెమ్మదిస్తారు. ఆ మనిషి ఎవరో ఇప్పుడే కలెక్టరుగారితో మాట్లాడి ఖాయం చేసుకో.

ఆశా కార్యకర్త ఫోన్ చేస్తే మాత్రం, ఫారం నింపి పంపమ్మా అని పెట్టేయకు. కేసుల లెక్క పంపే ఎస్ ఫారం, పి ఫారం తర్వాత. ముందు ఆమె చెప్పేది పూర్తిగా విను.

అన్నిటికంటే నా మనసుని కలచివేసేది 2001 నాటి సంగతి. అమెరికాలో ఆంత్రాక్స్ పొడితో ఉత్తరాలు వెళ్లాయి, ఐదుగురు చనిపోయారు. సెనేటరు ఆఫీసులో ఉత్తరం తెరవగానే అక్కడి ఉద్యోగులకు మందులిచ్చారు. అతికించిన కవరులోంచి పొడి బయటికి రాదనుకుని, ఆ ఉత్తరాల్ని సార్టింగ్ చేసిన వాషింగ్టన్ పోస్టాఫీసు వాళ్లకు ఆలస్యం చేశారు. వాళ్లలో ఇద్దరు పోయారు.

అందుకని ఈ నెలలోనే ఒక లిస్టు రాయించు. వార్డు ఆయాలు, ల్యాబ్ టెక్నీషియన్లు, 108 డ్రైవర్లు, మార్చురీలో పనిచేసేవాళ్లు, చెత్త తీసుకెళ్లేవాళ్లు. కాంట్రాక్టు వాళ్లని వదిలేయకు, ఎక్కువమంది వాళ్లే ఉంటారు. మాస్కులూ గ్లౌజులూ మందులూ వచ్చిన రోజు ఆ లిస్టులోవాళ్లకి అందాకే మిగతావాళ్లకి. లిస్టు తయారయ్యాక నాకొకసారి పంపించు, ఎవరైనా తప్పిపోయారేమో చూస్తాను.

నీ పెద్దమ్మ