మావాడికి గోల్ఫ్ పిచ్చి, ఆర్కిటెక్చర్ చేస్తానంటాడు... సీఎస్ఈలో చేర్చమంటారా?

ప్రశ్న: మాది తిరుపతి. అబ్బాయి ఇంటర్ సెకండియర్. బెంగళూరులో వాళ్ళ మామ దగ్గర గోల్ఫ్ అలవాటైంది. బీఆర్క్ చేసి గోల్ఫ్ కోర్సులు, అంటే ఆ ఆట ఆడే మైదానాలు, డిజైన్ చేస్తాడంట. భయమేసి కిట్టు దాచేశా. బీఆర్కా, సీఎస్ఈ ఏఐనా?

జవాబు: సార్, మీరు అడిగింది బ్రాంచి గురించే గానీ మీ భయమంతా ఆ ఆట గురించే. డబ్బున్నోళ్ళ ఆట, మనకెందుకు, పిల్లోడు చెడిపోతాడని. చెడిపోడు సార్. బాబీ జోన్స్ అనే గోల్ఫ్ ఆటగాడు 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టోర్నీలూ గెలిచి 28 ఏళ్ళకే పోటీలు మానేశాడు, బతుకుతెరువుకి లాయర్ పని, ఆడినన్నాళ్ళూ అమెచ్యూర్‌గానే, అంటే ఆటని సంపాదనగా చేసుకోకుండానే ఆడాడు. తర్వాత ఆయనతో కలిసి అమెరికాలో అగస్టా నేషనల్ గోల్ఫ్ కోర్సు డిజైన్ చేసిన అలిస్టర్ మెకెంజీ చదివింది డాక్టరీ. ఆట ఆటే, వృత్తి వృత్తే, రెండూ జీవితాంతం ఉంటాయి.

ఏఐ సంగతి చెప్పమంటారా, ఆ పేరు తగిలించి సెక్షన్లు పెంచేసిన కాలేజీలు చానా ఉన్నాయి, చెప్పేవాళ్ళు పెరిగారా అని మీరెప్పుడన్నా అడిగారా? పక్కింటోళ్ళ అబ్బాయి చేరాడని మనమూ చేర్చేస్తే ఇష్టంలేని పిల్లోడికి మిగిలేది బ్యాక్‌లాగులే, అప్పుడు మళ్ళా వాణ్ణే తిడతారు. కిట్టు దాచడం మాత్రం తప్పు సార్, ఈరోజే తీసి ఇచ్చేయండి.

గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, బంతి కొట్టే ముందు మీవాడు వంగి చూస్తాడే, నేల ఎటు వాలిందా అని, సైటుకెళ్ళిన ఆర్కిటెక్ట్ ముందు చూడాల్సిందీ అదే. 2021 నవంబర్‌లో కొండ మీద నీళ్ళు మన వీధుల్లోకి ఎట్లా వచ్చాయో చూశారు కదా, ఆ వాలు తెలిసినోళ్ళు మన ఊరికి కావాలి.

అబ్బాయికీ ఒక మాట. మనదేశంలో ఒట్టి గోల్ఫ్ కోర్సుల డిజైన్ మీదే బతకడం కష్టం, ఆ పని తక్కువ. ముందు ఐదేళ్ళ బీఆర్క్, తర్వాత ఢిల్లీ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లోనో అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలోనో ల్యాండ్‌స్కేప్ (ఆరుబయట స్థలాల డిజైన్) పీజీ, ఆ దారిలో పార్కులు, క్యాంపస్‌లు, రిసార్టులు చేస్తూ ఉంటే గోల్ఫ్ కోర్సు పని వస్తే వస్తుంది. మొదట్లో జీతాలు తక్కువే, డ్రాయింగులతో తెల్లారిపోయే రోజులుంటాయి, కానీ అరవై దాటినా పని చేసుకోవచ్చు.

పరీక్షలు అయినాక ఊళ్ళోనే ఎవరన్నా ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఓ నెల కూర్చోబెట్టండి, ఎండలో సైటుకి కూడా పంపండి. వాడు విసుక్కుంటే మళ్ళీ రాయండి, అప్పుడు సీఎస్ఈ గురించి మాట్లాడదాం.