బీపీ ఉన్న నాన్నగారితో ఉత్తరాఖండ్‌లోని చంద్రశిల శిఖరం ఒక్క రోజులో ఎక్కి దిగగలమా? ముందుగా నెల రోజులు పరుగు సాధన చేస్తే పైన ఊపిరి సమస్య రాకుండా ఉంటుందా?

ఎక్కి దిగొచ్చు. నడక మొదలయ్యే చోప్తాలో పడుకుని తెల్లారకముందే బయల్దేరితే మధ్యాహ్నానికి కిందికొచ్చేస్తారు. తుంగనాథ్ గుడి దాకా నాలుగు కిలోమీటర్ల లోపే, రాళ్లు పరిచిన దారి. ఆపైన చంద్రశిల దాకా నిట్టనిలువు. ఇక మీ పరుగు సంగతి. అది కాళ్లకు పనికొస్తుంది, ఎత్తుకు పనికిరాదు. నా గోలంతా దాని గురించే.

మా బావమరిది పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తే మనిషి. చోప్తాలో గేటు దాటగానే మమ్మల్ని వదిలేసి, గుర్రాల్ని కూడా దాటుకుంటూ పోయాడు. మోకాళ్ల నొప్పులున్న మా పిన్ని కర్ర పొడుచుకుంటూ, ఆగుతూ, దారిలో కనిపించినవాళ్లందరి యోగక్షేమాలు కనుక్కుంటూ నడిచింది. మేం గుడి దగ్గరికి చేరేసరికి వాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక బూటు లేసు ఊడిపోయి ఉంది. కట్టుకోలేదేంట్రా అంటే, ‘వంగితే తల పగిలిపోతోంది బావా’ అన్నాడు. అప్పటిదాకా ‘ఏం లేదు, టిఫిన్ చెయ్యలేదు కదా’ అంటున్నవాడే!

ఈలోగా సలహాదారులు దిగారు. ఒకాయన కర్పూరం మూట ముక్కు కింద పెట్టాడు. ఇంకొకాయన ఆక్సిజన్ డబ్బా తీశాడు. ఆ డబ్బా కొన్ని నిమిషాల్లో ఖాళీ, కర్పూరం వాసన తప్ప ఇంకేమీ ఇవ్వదు. అయినా బ్యాగులో అవి లేనిదే కొండెక్కరు మనవాళ్లు. రెండూ అయ్యాక వాడు వాంతి చేసుకున్నాడు. రాళ్ల మధ్య గీత మీద మడమకి వేలు తగిలేలా నడవమన్నాను. తూలలేదు. తూలితే మెదడు వాస్తోందని అనుమానించాలి. తూలకపోయినా తలనొప్పి, వాంతి కలిశాయంటే ఇక పైకి వెళ్లకూడదంతే. ‘ఇంకా కొంచెమే కదా బావా’ అని గొణుగుతూనే నాతో దిగాడు. చోప్తాకి చేరేసరికి మామూలు మనిషై, తిండి గురించి అడుగుతున్నాడు. పిన్ని పైకెళ్లి చౌఖంబా మంచు శిఖరాల్ని చూసొచ్చింది.

పైన గాలిలో ఆక్సిజన్ వాటా కింద ఉన్నంతే, సుమారు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. చంద్రశిల దాదాపు 3,700 మీటర్లు. అక్కడ ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో 60 శాతం చిల్లర. దానికి ఒళ్లు అలవాటు పడడానికి రోజులు కావాలి. కండ బలం ఉన్నవాడికి జరిగేదేంటంటే, ఆ టైము ఇవ్వకుండా తొందరగా పైకి చేరిపోతాడు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే వేగం. ఆపైన మీరెంత గట్టివాళ్లైనా నేనొప్పుకోను.

ఒక్క రోజు నడకలో మంచి ఏంటంటే, రాత్రి పడక కిందే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెంచొద్దంటారు. చోప్తా దానికి కిందే, 2,700 దగ్గర. కానీ టూర్లవాళ్లు ఇవాళ రిషికేశ్‌లో ఎక్కించి రేపు తెల్లారి శిఖరం మీద ఫోటో తీయిస్తామంటారు! ఒప్పుకోకండి, చోప్తాలో రెండు రాత్రులు ఉండండి. మద్యం తాగకండి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి వాడే డైమాక్స్ మాత్ర కావాలంటే డాక్టర్నడిగి ముందు రోజు నుంచే మొదలుపెట్టాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్‌ని చల్లబడిన వేలికి తగిలించి అంకె చూసి ఏడవడం ఇంకో ఫ్యాషన్. వేలు వెచ్చబెట్టి చూడండి. కూర్చున్నా ఆయాసం తగ్గట్లేదు, దగ్గు వస్తోంది అంటే మాత్రం అంకెలతో పన్లేదు, అర్ధరాత్రైనా దిగాల్సిందే.

మీ నాన్నగారికి బీపీ అన్నారు, ముందు ఆయన డాక్టరుతో మాట్లాడండి. సరేనంటే ఆయన్ని ముందు నడవనిచ్చి, మీరు వెనక నడవండి.