ఏసీ ఆగిపోయేది ఆ మొదటి అరసెకనులోనే

అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్జు సోలార్ మీద నిక్షేపంగా నడుస్తున్నాయి, ఏసీ ఆన్ చేస్తే మాత్రం ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి ఆగిపోతోంది, ఇంకో రెండు బ్యాటరీలు తెచ్చేయమంటారా అని అడిగావు. ఇప్పుడే తేవద్దు. ముందు ఏం జరుగుతోందో చూద్దాం.

ఏసీ 1,600 వాట్లు, ఇన్వర్టర్ 3,000 వాట్లు, ఇంకా సగం ఖాళీగానే ఉంది కదా అని నీ లెక్క. కానీ ఆ 1,600 అనేది కంప్రెసర్ తిరుగుతున్నప్పటి మాట. ఆగి ఉన్న మోటారు కదలడానికి ఒక్కసారిగా గుంజే కరెంటు, నడిచేటప్పటి దానికి నాలుగు నుంచి ఏడు రెట్లు ఉంటుంది. అదీ అరసెకను లోపే. బయటి యూనిట్‌కి ఒక పక్కన రేకు ప్లేటు అతికించి ఉంటుంది. చాలావాటి మీద ఎల్ఆర్ఏ అని ఒక అంకె వేస్తారు. రోటరు (మోటారులో తిరిగే భాగం) బిగుసుకుపోయి ఉన్నప్పుడు మోటారు లాగే కరెంటు అది. అక్కడ 40 యాంపియర్లు ఉందనుకో, 230 వోల్ట్‌ల దగ్గర అది 9,000 వోల్ట్ యాంపియర్లు (వాట్ల లాంటి లెక్కే) దాటుతుంది. నీ 3,000 వాట్ల ఇన్వర్టర్ ఎందుకు చేతులెత్తేస్తోందో అర్థమైందా? వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మామూలు క్లాంప్ మీటరుకు ఈ కరెంటు దొరకదు, కంటికి కనిపించేలోపే దిగిపోతుంది. ఇన్‌రష్, అంటే ఆ మొదటి గుంజుడు, కొలిచే బటన్ ఉన్న మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకో.

మా ఇంట్లోనూ మొదట్లో ఇదే గొడవ. ఒక రాత్రి ఒక మీటరు బ్యాటరీ టెర్మినళ్లకి, ఇంకొకటి ఇన్వర్టర్ టెర్మినళ్లకి తగిలించి, రెండింటినీ కనిష్ఠ వోల్టేజీ పట్టుకునేలా పెట్టి, మీ అత్తను ఏసీ ఆన్ చేయమన్నాను. బయట కంప్రెసర్ ఊమ్‌మని మూలిగింది. గదిలో బల్బు ఒక్కసారి మసకబారింది. బ్యాటరీ దగ్గర 51 నుంచి 49కి దిగింది, అంతే. ఇన్వర్టర్ దగ్గర మాత్రం 43! మధ్యలో ఉన్నది రెండు మీటర్ల కేబులే, ఆరు వోల్ట్‌లు అందులోనే పోయాయి. అన్నీ ఆపేసి లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు తొడుగు) మీద వేలు పెడితే వెచ్చగా తగిలింది. విప్పి చూశాను. రాగి పోగులు సగమే లగ్గులోకి వెళ్లాయి, మిగతావి పక్కకి విరిగి ఉన్నాయి. సరైన పనిముట్టుతో నొక్కి బిగించకుండా, అంటే క్రింప్ చేయకుండా, సుత్తితో చితక్కొట్టి వదిలేశారు. బ్యాటరీ నిండుగానే ఉంది, ఇన్వర్టర్ మాత్రం అది ఖాళీ అయిందనుకుని ఆగిపోయింది. కేబుల్ లావుది వేసి, లగ్గులు కొత్తవి క్రింప్ చేయించాక అదే ఏసీ ఆ రాత్రే స్టార్ట్ అయింది.

అందుకే నువ్వు మొదట చూడాల్సింది కేబుళ్లనే. 48 వోల్ట్‌ల సిస్టమ్‌లో కూడా ఆ క్షణానికి రెండు వందల యాంపియర్లు దాటి పారుతుంది. నీది 24 వోల్ట్‌లదైతే దానికి రెట్టింపు, కాబట్టి ఏసీ నడపాలనుకునేవాళ్లు 48కి మారడమే మంచిదని నా అభిప్రాయం. కేబుల్ ఎంత పొట్టిగా, ఎంత లావుగా ఉంటే అంత మేలు. ఎంత మందం వాడాలో ఇన్వర్టర్ పుస్తకంలో రాసి ఉంటుంది, అంతకంటే ఒక సైజు ఎక్కువే వెయ్యి.

లిథియం బ్యాటరీ అయితే ఇంకో చిక్కుంది. లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్‌కి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు 100 యాంపియర్లనుకో, అంతకు మించి కరెంటు లాగితే, కొద్ది క్షణాలు ఓర్చుకుని, బ్యాటరీనే కట్ చేసేస్తుంది. అప్పుడు ఇల్లంతా చీకటి. ఇన్వర్టర్ ఒక్కటే ఆగిందా, బ్యాటరీ కూడా ఆగిందా అన్నది చూసి నాకు చెప్పు. బ్యాటరీ ఆగుతుంటే మాత్రం దానికి సమాంతరంగా రెండోది కలపడం వల్ల నిజంగానే లాభం ఉంటుంది, భారం ఇద్దరు పంచుకుంటారు.

ఇన్వర్టర్లలో రెండు రకాలున్నాయి. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండి ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని బరువైనవి ఒక రకం. అవి కొన్ని సెకన్లపాటు రెండు మూడు రెట్ల లోడు తట్టుకుంటాయి. చేత్తో ఎత్తగలిగే తేలికవి రెండో రకం. వీటి పెట్టె మీద కూడా పీక్ 6,000 వాట్లు అనే రాస్తారు గానీ, ఆ పీక్ ఎంతసేపో చూడాలి. కొన్నింటికి అది మిల్లీసెకన్లలోనే ముగుస్తుంది. కంప్రెసర్‌కి అది చాలదు. ఏదైనా సరే, ప్యూర్ సైన్ వేవ్‌దే (లైను కరెంటులా నునుపైన అల ఇచ్చేదే) ఉండాలి, లేకపోతే మోటారు వేడెక్కిపోతుంది.

కేబుళ్లు సరిచేశాక కూడా ఆగుతుంటే సాఫ్ట్ స్టార్టర్ పెట్టించు. బయటి యూనిట్‌లో కంప్రెసర్ వైర్ల మధ్య కూర్చునే చిన్న డబ్బా అది. మోటారుకి కరెంటును ఒక్కసారిగా వదలకుండా మెల్లగా పెంచుతూ ఇస్తుంది. మొదటి గుంజుడు సగానికో, అంతకంటే తక్కువకో దిగుతుంది. దానికి ముందు, కంప్రెసర్ తిరగడానికి తోడ్పడే కెపాసిటర్‌ని కొలిపించు. పాతబడి దాని సామర్థ్యం (మైక్రోఫారడ్లు) తగ్గిపోతే కంప్రెసర్ మూలుగుతుందే గానీ తిరగదు. చాలా చోట్ల అసలు రోగం అదే. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు, స్విచ్ ఆపినా అందులో కరెంటు నిలవ ఉంటుంది. మెకానిక్ డిశ్చార్జ్ చేసి కొలుస్తాడు.

ఏసీ ఎటూ పాతదైపోయి ఉంటే, బ్యాటరీలకి పెట్టే డబ్బుతో ఇన్వర్టర్ ఏసీ కొనుక్కోవడమే నేను చెప్పేది. పేరు ఒకటే అయినా గోడకున్న నీ ఇన్వర్టర్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇందులో కంప్రెసర్ మెల్లగా మొదలై వేగం పెంచుకుంటుంది, కాబట్టి ఆ గుంజుడే ఉండదు. దానికి సాఫ్ట్ స్టార్టర్ పెట్టకూడదు కూడా. గది చల్లబడ్డాక కొన్ని వందల వాట్లతోనే నడుస్తుంది.

ఇంకో సంగతి. ఒకసారి ఆగిందని వెంటనే మళ్లీ మళ్లీ ఆన్ చేయకు. ఆగిన మూడు నిమిషాల వరకు గ్యాస్ ఒత్తిడి ఒకవైపే పేరుకుని ఉంటుంది, దాని మీద కంప్రెసర్‌ని తిప్పబోతే ఇంకా ఎక్కువ గుంజుతుంది, కాయిల్ కాలిపోతుందని భయం. ఐదు నిమిషాలు ఆగు. ప్రయత్నించేది కూడా మధ్యాహ్నం, ప్యానెళ్ల మీద ఎండ బాగా ఉన్నప్పుడు. ఆ సమయంలో నీళ్ల మోటారు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె ఏవీ నడవకూడదు.

రాత్రంతా నడపడం వేరే లెక్క. 100 యాంపియర్ అవర్ల 48 వోల్ట్‌ల లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు ఐదు యూనిట్లు. నీ ఏసీ మధ్యమధ్యలో ఆగుతూ నడిచినా ఎనిమిది గంటలకి ఏడెనిమిది యూనిట్లు తినేస్తుంది. కొత్త బ్యాటరీ గురించి అప్పుడు మాట్లాడుకుందాం, స్టార్ట్ కావడం కుదిరాక.

కేబుల్ పని పెట్టుకునే రోజు చేతికి ఉంగరం, వాచీ తీసేయి. స్పానరుకి టేపు చుట్టు. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఒక్క ఇనుప ముక్క పడితే అది ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. బ్యాటరీకి దగ్గరగా డీసీ ఫ్యూజు తప్పకుండా ఉండాలి, ఇంటి లైను కరెంటుకి వాడే మామూలు ఎంసీబీ (ట్రిప్ స్విచ్) అక్కడ పనికిరాదు.

బయటి యూనిట్ ప్లేటుకి, ఇన్వర్టర్ లేబుల్‌కి, బ్యాటరీ కేబుళ్లు బిగించిన చోటికి దగ్గరగా ఫొటోలు తీసి పంపు. లగ్గులు స్పష్టంగా కనిపించాలి. అవి చూశాక ఫోన్ చేస్తాను.

మామయ్య