నా హాయి కోసం చేస్తే అది సేవ అవుతుందా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. కావలిలో ఉంటాం. ఆడపిల్లలిద్దరికీ పెళ్లిళ్లయి ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో ఉన్నారు. మా వారికి ఎరువుల కొట్టు. పొద్దున పోతే రాత్రి తొమ్మిదికి వస్తారు. పగలంతా ఫోను వంక చూస్తూ కూర్చుంటాను, పిల్లలు చేయకపోతే అలిగి మాటలంటాను. మొన్న పక్కింటామె పిలిస్తే దగ్గర్లోని బడిలో పిల్లల చేత చదివించి వచ్చాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. రోజూ వెళ్తానంటే మా వారు ‘ఇంట్లో పని చాలక ఊళ్లో చాకిరీనా’ అంటున్నారు. నా హాయి కోసం వెళ్తే అది సేవ ఎట్లా అవుతుందని నాకూ అనుమానం.

జవాబు: అమ్మా, ముందు మీ అనుమానం సంగతి. ఒకరికి పనికొచ్చినప్పుడు మనసు తేలికపడటం తప్పు కాదు, అది మనిషి స్వభావం. కాకపోతే అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెద్దవయసు వాళ్లను పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో గమనించదగ్గ విషయం ఉంది. ఎదుటివాళ్ల కోసం స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లలో మరణాలు తక్కువ. తమ మేలు కోసమే చేసినవాళ్లకు, అసలేమీ చేయనివాళ్లకు పెద్ద తేడా లేదు. దాని కారణం నాకు ఇట్లా తోస్తుంది: హాయి కోసమే వెళ్తే, పిల్లలు అల్లరి చేసి విసిగించిన రోజున ఆ హాయి దొరకదు, మరుసటి వారం కాళ్లు కదలవు. ఫలానా పిల్లకు చదవడం రావాలి అని వెళ్తే విసుగొచ్చిన రోజు కూడా గడుస్తుంది.

రోజూ వద్దు. చాలామంది మానేసేది ఇక్కడే. ఉత్సాహంతో వారానికి ఐదు రోజులు ఒప్పుకుంటారు, మూడోవారం ఇంట్లో చుట్టాలో జ్వరమో వస్తుంది, రెండు రోజులు తప్పుతాయి, సిగ్గేసి ఇక వెళ్లరు. 50 ఏళ్లు దాటిన దాదాపు 13 వేల మందిపై 2020లో అమెరికాలోనే వచ్చిన మరో అధ్యయనం ప్రకారం ఏడాదికి 100 గంటలు, అంటే వారానికి రెండు గంటలు చేసినవాళ్లలో మరణాలు తక్కువ, ఒంటరితనం, దిగులు తక్కువ. అయితే షుగరు, కీళ్లనొప్పులు తగ్గినట్టు అందులో కనపడలేదు. ఆ మందులు మానకండి.

కాబట్టి మంగళ, శుక్రవారాలు, గంట గంట. హెడ్మాస్టరును కలిసి మూడో తరగతిలో చదవలేకపోతున్న నలుగురిని మాత్రం అడగండి, తరగతి మొత్తం తలకెత్తుకోకండి. నలుగురైతే ఎవరు ఎక్కడ ఆగుతున్నారో తెలుస్తుంది. ‘ప’కూ ‘వ’కూ, ‘మ’కూ ‘య’కూ తికమకపడే పిల్లకు అక్షరమాల మళ్లీ మొదటినుంచి చెప్పకండి. ‘నిన్న ఇంట్లో ఏమైంది?’ అని అడగండి. ‘మా నాయన రొయ్యల గుంట కాడికి పోయాడు’ అంటుంది. ఆ మాటే పలక మీద రాసి, ఆ పిల్ల వేలు పట్టుకుని అక్షరం అక్షరం చదివించండి. అర్థం ముందే తెలుసు గనుక ధ్యాసంతా అక్షరం మీదే ఉంటుంది. ‘య్య’ దగ్గర ఆగితే ఆ రోజుకు ఆ ఒత్తే పాఠం. ఒక నోటుబుక్కులో తేదీ వేసి, ఏ పిల్ల ఎక్కడ ఆగిందో ఒక్క వాక్యం రాసుకోండి. నెల తర్వాత ఆ పేజీలు తిరగేస్తే మీకు కలిగే తృప్తి ఎవరి మెచ్చుకోలుతోనూ రాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు. బడికి సెలవులిస్తారు, పిల్లలు తగ్గుతారు. అది మీ లోపం అనుకోకండి. డబ్బు వసూళ్ల బాధ్యత మాత్రం ఎవరు బతిమాలినా తీసుకోకండి. మంచి పనుల్లో మనసులు విరిగేది ఎక్కువగా అక్కడే.

మీ వారితో రాత్రి ఆకలిగా ఇంటికొచ్చినప్పుడు ఎత్తకండి. ఆదివారం అన్నం తిన్నాక, ‘మంగళ, శుక్రవారాలు మూడు నుంచి నాలుగు. రాత్రి వంటకు అడ్డం రాదు. రెండు నెలలు చూసి అప్పుడు మాట్లాడుకుందాం’ అనండి. ‘రోజూ’ అన్న మాటకు ఆయన భయపడి ఉండొచ్చు, రెండు గంటలకు అంత అభ్యంతరం ఉండదు. చాకిరీ అన్న మాటకు జవాబు మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో ఊరూరా సాయంత్రాలు పలక పట్టించినవాళ్లు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఆ చదువుల దగ్గర మొదలైన ఆలోచనతోనే దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రెండు వారాలకు మించి ఆకలి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, బతుకు మీద విరక్తి ఉంటే దానికి బడి మందు కాదు. డాక్టరుకు చూపించుకోండి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. మనసు బాధలకు సలహా చెప్పే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మీ అమ్మాయిల సంగతి. శుక్రవారం రాత్రి మీరే ఫోన్ చేయండి. ‘ఎందుకు చేయలేదు?’ అని మొదలుపెట్టకుండా, ఆ రోజు రొయ్యల గుంట పిల్ల ఏం చదివిందో చెప్పండి.