గోడౌన్‌కి పాత బట్టలు

చిన్నీ, మామయ్య ఆశీస్సులు.

సీఏగా సొంత ప్రాక్టీసు పెడుతున్నావని, బోర్డు కూడా రాయించావని మీ అమ్మ ఫోన్ చేసింది. సంబరంగా మీ అత్తకి రెండుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఫీజు ముందే మాట్లాడుకో. చుట్టాల లెక్కలు ముట్టుకోకు. యూడిన్ (సర్టిఫికెట్టు మీద వేసే గుర్తింపు సంఖ్య) లేకుండా ఏ సర్టిఫికెట్టూ ఇవ్వకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

మొన్న అడిగావు, "తప్పు చేసిన ఆడిటర్ని మన సీఏల ఇన్‌స్టిట్యూట్ చూసుకుంటుందిగా, జైలెందుకు?" అని. ఆ మాటకే భయం వేసింది. సత్యం కంప్యూటర్స్ కేసులో 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఇద్దరు ఆడిటర్లకి కూడా ఏడేళ్లు వేసింది. (అప్పీలులో బెయిలు దొరికింది, అది వేరే సంగతి.) బ్యాంకుల్లో లేని వేల కోట్లు ఉన్నట్టు చూపిన లెక్కలవి. బ్యాంకులకు తామే రాసి అడిగితే ఆ బొంకు బయటపడేది. అలాంటిదానికి రిజిస్టర్లో పేరు కొట్టేస్తే సరిపోతుందా? తెలిసి పెట్టిన సంతకం దొంగతనమే, జైలుకి పంపాల్సిందే. తెలియక చేసిన పొరపాటుకి మాత్రం వద్దు.

ఇన్నేళ్లూ అందరికీ ఇదే చెప్పాను. నా సంగతి ఈ రెండింట్లో ఎందులోకి వస్తుందో నువ్వే చెప్పు. మీ అమ్మకి కూడా తెలియదిది.

ప్రాక్టీసు పెట్టిన మూడో ఏడు. ఒక రైస్ మిల్లు, బ్యాంకు అప్పు కోసం సరుకు నిల్వ సర్టిఫికెట్. ఎండ మండిపోతోంది. గుమస్తా గోడౌన్ తలుపు తీశాడు, కప్పుదాకా బస్తాలు. ముందు వరుసలో ఒక బస్తా విప్పించి చూశాను, మంచి ధాన్యం. వెనక్కి వెళ్దామంటే "దుమ్ము సార్, తెల్లచొక్కా పాడైపోద్ది" అన్నాడు. మజ్జిగ తెప్పించాడు. తాగి సంతకం పెట్టాను.

వెనక వరుసలన్నీ ఊక. ఏడాది తిరక్కుండా అప్పు మునిగింది. గుమస్తాని పోలీసులు తీసుకెళ్లారు. నన్నెవరూ పిలవలేదు, ఒక నోటీసైనా రాలేదు. వచ్చినా 1949 సీఏల చట్టం రెండో షెడ్యూలు కింద ఘోర నిర్లక్ష్యం అనేవాళ్లు, అంతే. నాకు తెలియదు, నిజమే. తెలుసుకోకుండా ఉండటానికి గ్లాసుడు మజ్జిగ చాలింది చిన్నీ. ఆ గుమస్తా భార్య మా వీధి మొదట్లో ఇడ్లీలు అమ్మేది. రెండేళ్లు నేను వెనక సందులోంచి ఆఫీసుకి వెళ్లాను.

గోడౌన్ చూడ్డానికి పాత బట్టలు వేసుకుని వెళ్లు. ఎప్పుడూ ఆ తెల్ల డ్రస్సులే నీకు, చెబితే వినవు. చివరి వరుస బస్తా విప్పించేదాకా మంచినీళ్లు కూడా ముట్టకు. సీసా ఇంటినుంచే తీసుకెళ్లు.

ప్రారంభానికి ముందురోజే వస్తాం. అత్త సున్నుండలు మొదలుపెట్టేసింది.

మీ మామయ్య