నెల వార్తలు రాసే చిరంజీవికి

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

ఆదోని నుంచి నువ్వు పంపిన ‘ఫిబ్రవరి 2023: ఆ నెల ప్రపంచం’ అందింది. భాష శుభ్రంగా ఉంది. ఆ మాట ఇంతటితో చాలు, మనం మాట్లాడుకోవాల్సింది రెండో పేజీ గురించి.

ఆ పేజీ అంతా అమెరికా మీదుగా ఎగిరిన చైనా బెలూన్‌కు ఇచ్చినావు. దాని కింద తుర్కియే, సిరియా భూకంపానికి మూడు వాక్యాలు: ‘రిక్టర్ స్కేలుపై 7.8 తీవ్రతతో భూకంపం సంభవించింది. సుమారు 5,000 మంది మరణించారు. భారత్ ఆపరేషన్ దోస్త్ చేపట్టింది.’ నాలుగో వాక్యానికి ఆస్ట్రేలియా మహిళలు టీ20 కప్పు గెలిచేసినారు. చదివి కోపం వచ్చింది, దాచుకోను. యాభై వేలకు పైగా మనుషులు పోయిన నెల అది.

ఇది నీ ఒక్కడి తప్పు కాదని తెలుసు. నంద్యాల, అనంతపురం కోచింగ్ సెంటర్ల దగ్గర అమ్మే కరెంట్ అఫైర్స్ పుస్తకాలు చదివి పెరిగిన తరం మీది. బిట్టుకు ఒకే జవాబు ఉండాలి కాబట్టి ఆ పుస్తకాల్లో ఆపరేషన్ పేరు, కప్పు గెలిచిన జట్టు, రాజీనామా చేసిన నాయకురాలి పేరు అన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి. పరీక్షకు అది సరిపోతుంది. చదివేవాడి కోసం రాసే నెల వార్తలకు ఆ పద్ధతి విషం. దాన్ని మాసపత్రికల్లోకి తెచ్చి ‘సంక్షిప్తంగా’ అని పేరు పెట్టిన సంపాదకుల మీద నాకు ఇంతవరకూ కోపం తగ్గలేదు. ఏ వార్తకు ఎంత చోటు అన్నది తేల్చడమే నెల వార్తలు రాసేవాడి మొదటి పని. అది తేలకుండా ఒక్క వాక్యం కూడా రాయకూడదు.

నీకిచ్చింది 1,500 పదాలు. ఆ ఫిబ్రవరిని ఇట్లా పంచాలి: భూకంపానికి 600, ఉక్రెయిన్ యుద్ధానికి ఏడాది నిండడం, ఐక్యరాజ్యసమితి ఓటింగు, అణు ఒప్పందం కలిపి 350, నైజీరియా ఎన్నికకు 250, ఫ్రెడ్డీ తుపానుకు 150, గ్రీసు రైలు ప్రమాదానికి 100, బెలూన్‌కు 50. క్రికెట్ వేరే పేజీ. చోటు ఇచ్చే ముందు మూడు చూడు. ఎన్ని ప్రాణాలు పోయినాయి, నెల దాటినాక కూడా ఆ సంగతి నడుస్తుందా, అంతకు ముందున్న ఏర్పాటు ఏదైనా తెగిపోయిందా. బెలూన్ విషయంలో మూడోది ఒక్కటే ఉంది. ఫిబ్రవరి 4న దక్షిణ కరోలినా తీరం అవతల ఎఫ్-22 విమానం దాన్ని కూల్చింది, అంతకు ముందురోజే అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్ బీజింగ్ ప్రయాణం వాయిదా పడింది. ఆ ప్రయాణం మళ్లీ జూన్‌లో గానీ జరగలేదు. రెండు దేశాల మధ్య మాటలు ఆగిన సంగతే అందులో వార్త. దానికి 50 పదాలు ఎక్కువే.

ఇక భూకంపం. అది 6వ తేదీ తెల్లవారుజామున అక్కడి టైము 4.17కు వచ్చింది, మనకు 6.47. జనం నిద్రలో ఉన్న వేళ అని తెలియాలంటే అక్కడి టైమే రాయాలి. అదే రోజు మధ్యాహ్నం 1.24కు మరొకటి వచ్చింది, 7.5. నువ్వు దాన్ని అసలు రాయలేదు. మన డెస్కుల్లో ఇట్లాంటిదాన్ని ‘ప్రకంపనలు కొనసాగాయి’ అని ఒక ముక్కలో తోసేస్తారు. అది కొంచెం ఉత్తరాన, భూమిలోని వేరే పగులు మీద వచ్చిన పెద్ద భూకంపం. పొద్దున పగుళ్లిచ్చి నిలబడిన ఇళ్లు కొన్ని దానికి కూలినాయి.

రిక్టర్ పేరు తీసెయ్. ఆ స్కేలు 1935లో దక్షిణ కాలిఫోర్నియా భూకంపాల కోసం తయారైంది, చాలా పెద్దవాటిని అది సరిగ్గా కొలవలేదు. ఇప్పుడు సంస్థలు ఇంత పెద్దవాటికి ఇచ్చేది మొమెంట్ మాగ్నిట్యూడ్ అనే కొలత. ‘7.8 తీవ్రత’ అని రాసి ఎవరు చెప్పినారో రాస్తే చాలు, ఎందుకంటే అమెరికా భూగర్భ సర్వే 7.8 అంటే తుర్కియే సంస్థ 7.7 అంది. ఒక పేరాలో ఒకరిది, ఇంకో పేరాలో ఇంకొకరిది వాడితే పాఠకుడు రెండు భూకంపాలనుకుంటాడు. ఒక్క అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుందనే సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పు. 6.8కీ 7.8కీ తేడా అప్పుడు గానీ తెలియదు.

నీ 5,000 రెండో రోజు లెక్క. ఏదో ఒక ఏజెన్సీ కాపీ నుంచి ఎత్తుకొని, మళ్లీ ఆ వైపు చూడలేదు. ఫిబ్రవరి ముగిసేలోపే రెండు దేశాల్లో కలిపి 50,000 దాటింది, చివరికి తుర్కియే లెక్కే 53,000 పైన తేలింది. సిరియాది ఒక్క సంఖ్య కాదు. అప్పట్లో ప్రభుత్వం చేతిలో ఉన్న ప్రాంతం లెక్క వేరు, వాయవ్యంలో తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ప్రాంతం లెక్క వేరు. అందుకే మృతుల సంఖ్య ఎప్పుడు రాసినా దాని పక్కన తేదీ, చెప్పినవాళ్ల పేరు ఉండాలి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు జనానికి ఇది చెప్పాల్సిన పని లేకపోయింది. మృతులు, గల్లంతైనవాళ్లు అనే రెండు లెక్కలు రోజూ ఎట్లా మారుతాయో వాళ్లు కళ్లారా చూసినారు.

అంతమంది ఎందుకు చనిపోయినారో నీ వ్యాసంలో లేదు. 600 పదాల్లో సగం దానికే పోవాలి. 1999 ఆగస్టులో ఇజ్మిత్ భూకంపంలో 17,000 మందికి పైగా పోయినాక తుర్కియే కట్టడాల నిబంధనలు బిగించింది. నిబంధన కాగితం మీద బాగుంది, అమలు లేదు. 2018లో రుసుము కట్టించుకొని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకం పెట్టినారు. మన మున్సిపాలిటీల్లో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు పెట్టే బీపీఎస్ దరఖాస్తులు చూసినవాడికి ఆ ఒక్క వాక్యంతో బొమ్మ కట్టేస్తుంది. భూకంపం తర్వాత బిల్డర్ల అరెస్టులు, పది ప్రావిన్సుల్లో మూడు నెలల అత్యవసర పరిస్థితి, మే నెలలో జరిగిన ఎన్నికలు ఆ వరుసలోనే వస్తాయి.

తర్వాత సిరియా. వాయవ్య సిరియాకు ఐక్యరాజ్యసమితి సాయం పోవడానికి అప్పటికి అనుమతి ఉన్న సరిహద్దు దారి ఒక్కటే, బాబ్ అల్ హవా. అక్కడికి చేరే రోడ్లు దెబ్బతిన్నాయి. మొదటి సాయం లారీలు దాటింది 9వ తేదీన. శిథిలాల కింద మనిషి బతికి దొరికే అవకాశం మొదటి 72 గంటల్లోనే ఎక్కువ, అది ఆ తెల్లవారుజాముకే అయిపోయింది. ఇంకో రెండు దారులు మూడు నెలలపాటు తెరవడానికి డమాస్కస్‌లోని సిరియా ప్రభుత్వం ఒప్పుకున్నది 13న. ఈ మూడు తేదీలు, ఈ ఒక్క గంటల లెక్క వరుసగా పెడితే విశేషణం అవసరం ఉండదు. ‘హృదయవిదారకం’ అని నువ్వు రాయకపోయినా సబ్‌ఎడిటర్ రాస్తాడు, ప్రూఫ్‌లో కొట్టెయ్. ఆపరేషన్ దోస్త్‌లో మన సైన్యం తుర్కియేలోని ఇస్కెండెరూన్‌లో ఫీల్డ్ ఆస్పత్రి పెట్టింది, ఎన్‌డీఆర్ఎఫ్ బృందాలు పోయినాయి. అది రాయాలి, ఒక వాక్యం.

నెల చివరి గండం గురించి నువ్వు ఆలోచించినట్టు లేదు. మాసపత్రిక పోస్టింగ్ తేదీ మారదు కాబట్టి మార్చి సంచిక ఫిబ్రవరి చివరి వారంలోనే ప్రెస్సుకు పోతుంది. 22 నుంచి 28 వరకు జరిగినవి అందులో పట్టవు, ఏప్రిల్ సంచికకు పాతబడతాయి. ఎవరికీ చెందకుండా పోయేవి ఆ వారం సంగతులే. నైజీరియాలో అధ్యక్ష ఎన్నిక పోలింగ్ 25న, టినుబు గెలిచినట్టు ప్రకటన మార్చి 1 తెల్లవారుజామున. నువ్వు ‘ఎన్నికలు జరిగాయి’ అని వదిలేసినావు. ఇప్పుడు వెనక్కి చూసి రాస్తున్నావు కదా, ఫలితం కలిపే రాయాలి. 9.3 కోట్ల ఓటర్ల దేశంలో ఓటేసింది 27 శాతం దగ్గర, గెలిచినవాడికి వచ్చింది సుమారు 37 శాతం. పోలింగ్ నాటికి పాత నోట్లు రద్దై కొత్తవి దొరకక జనం బ్యాంకుల ముందు నిలబడి ఉన్నారు. 2016 నవంబరు చూసిన మన పాఠకుడికి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

గ్రీసులో టెంపీ దగ్గర ప్యాసింజర్ రైలు, గూడ్సు ఒకే పట్టా మీద ఎదురెదురుగా గుద్దుకున్నది 28వ తేదీ రాత్రి పదకొండు దాటినాక. మన గడియారంలో అప్పటికి మార్చి 1 వచ్చేసింది. సంఘటన జరిగిన చోటి తేదీయే వాడు, వ్యాసమంతా అదే పద్ధతి పాటించు. 57 మంది పోయినారు. మర్నాడే ప్రధాని ‘మానవ తప్పిదం’ అన్నాడు, పత్రికలు దాన్నే కారణంగా అచ్చేసినాయి. ఆ మార్గంలో సిగ్నల్ వ్యవస్థ పూర్తి కాకపోవడం మీద జనం ఆ తర్వాత ఏళ్ల తరబడి వీధుల్లోకి వచ్చినారు. మొదటి రోజు కారణాన్ని ఎప్పుడూ చెప్పినవాడి నోటితోనే రాయి, నీ మాటగా రాయొద్దు. ఫ్రెడ్డీ తుపాను ఫిబ్రవరిలో మడగాస్కర్, మొజాంబిక్ తాకింది. మళ్లీ సముద్రంలోకి పోయి మార్చి 11న మొజాంబిక్‌కే తిరిగొచ్చింది, ఎక్కువ ప్రాణాలు పోయింది ఆ తర్వాత మలావీలో. ఫిబ్రవరి వరకే రాసి ఆపితే అబద్ధం రాసినట్టే.

ఉక్రెయిన్ ముక్కలో ఒక తప్పును ఊరికే వదలలేను. రష్యా సేనలు ఉక్రెయిన్ నుంచి వెనక్కి పోవాలన్న తీర్మానం మీద 23న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ‘భారత్ రష్యా పక్షాన ఓటేసింది’ అని రాసినావు. అనుకూలం 141, వ్యతిరేకం 7, తటస్థం 32. మనం ఆ 32లో ఉన్నాం. మూడూ కూడితే 180, సభ్యదేశాలు 193. మిగతా 13 ఓటింగులోనే లేవు. తటస్థంగా ఉండడం వేరు, ఓటింగుకు రాకపోవడం వేరు, ఎదురు ఓటెయ్యడం వేరు. అట్లాగే 21న పుతిన్ అమెరికాతో ఉన్న న్యూ స్టార్ట్ అనే అణ్వాయుధ ఒప్పందాన్ని ‘రద్దు చేశాడు’ అన్నావు. చేసింది పాల్గొనడం నిలిపివెయ్యడం. మోహరించిన అణు వార్‌హెడ్లు 1,550 దాటకూడదన్న పరిమితికి కట్టుబడి ఉంటామని రష్యా విదేశాంగ శాఖ అదే రోజు చెప్పింది. తనిఖీలు 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగిపోయి మళ్లీ మొదలే కాలేదు. ఆ వెనక సంగతి లేకుంటే 21వ తేదీ ఉపన్యాసం ఉరుము లేని పిడుగులా కనిపిస్తుంది.

‘మన జిల్లాకు సంబంధం ఏమిటో రాయమని సంపాదకుడు అడిగారు’ అన్నావు. ఈ ఫ్యాషన్ ఎవరు మొదలుపెట్టినారో గానీ, దానివల్ల పుట్టినన్ని అబద్ధాలు ఇంకో దానివల్ల పుట్టలేదు. ఉన్న సంబంధం రాయి, లేనిది అల్లొద్దు. భూకంపం తాకిన కహ్రమాన్‌మరాష్ నూలు మిల్లుల ఊరు. ఆదోని పత్తి యార్డులో కూర్చునే మనిషికి అది చెబితే పేజీ తిప్పడు. అంతటితో ఆపు. ఆ వారం యార్డులో క్వింటా ధర మారిందనీ, దానికి భూకంపమే కారణమనీ రాయాలంటే యార్డు రిజిస్టరు నీ చేతిలో ఉండాలి. సంపాదకుడు ఒత్తిడి పెడితే వ్యాసం వెనక్కి తీసుకో.

ఫొటోలు అడిగినావు. ఫొటో వద్దు, ఒక మ్యాప్ గీయించు: గాజియాన్‌తెప్, కహ్రమాన్‌మరాష్, అలెప్పో, ఇద్లిబ్, బాబ్ అల్ హవా, మధ్యలో సరిహద్దు గీత. రెండు కాలమ్‌ల వెడల్పు చాలు.

ఇకమీదట నెల మొదటి తేదీనే ఒక నోటుబుక్ తెరువు. ఒక్కో సంఘటనకు ఎదురెదురు రెండు పేజీలు. ఎడమ పేజీలో అక్కడి తేదీ, టైము, జరిగింది. కుడి పేజీలో సంఖ్యలు, ప్రతి సంఖ్యకూ చెప్పిన తేదీ, చెప్పిన సంస్థ. పాత సంఖ్యను చెరపొద్దు, ఒక గీత కొట్టి కింద కొత్తది రాయి. ప్రతి ఆదివారం కుడి పేజీలు సరిచూడు. 20వ తేదీన చోటు లెక్క వెయ్యి, 150 పదాలు ఖాళీ ఉంచుకో, చివరి వారంలో ఏదో ఒకటి వస్తుంది. రాకపోతే పెద్ద వార్తకే కలుపు. ఫిల్లర్ పెట్టొద్దు.

ఈ వ్యాసం తిరగరాసి పంపు. భూకంపం 600 పదాలు ముందు పంపితే చాలు, మిగతావి తర్వాత చూద్దాం. కాగితానికి ఒకవైపే రాసి, ఎడమ మార్జిన్‌లో ప్రతి అంకె ఎక్కడిదో పెన్సిల్‌తో గుర్తు పెట్టు.

ఆశీస్సులతో.